తగరపు గడ్డ కార్న్‌వాల్

బ్రిటన్ నైరుతి కొస నుంచి అట్లాంటిక్ సముద్రంలోకి పొడుచుకు వచ్చిన భూభాగం కార్న్‌వాల్. ఉత్తరాన, పడమట, దక్షిణాన సముద్రమే. తూర్పున డెవన్ కౌంటీకీ దీనికీ నడుమ తేమర్ నది పారుతుంది. ఆ నది ఉత్తర తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో పుట్టి, దక్షిణాన ప్లిమత్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఉత్తరాన మిగిలిన ఆ కాస్త నేల లేకపోతే కార్న్‌వాల్ ఒక ద్వీపమే అయ్యేది. 10వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఏథెల్‌స్టాన్ తేమర్‌ను సరిహద్దుగా నిర్ణయించాడని చెబుతారు. వెయ్యేళ్లు గడిచినా ఆ హద్దు దాదాపుగా అలాగే నిలిచి ఉంది.

కౌంటీ విస్తీర్ణం సుమారు 3,560 చదరపు కిలోమీటర్లు. 2021 లెక్కల ప్రకారం జనాభా 5 లక్షల 70 వేలు. ముఖ్య పట్టణం ట్రూరో. అన్నిటికంటే ఎత్తయిన కొండ బాడ్మిన్ మూర్ మీది బ్రౌన్ విల్లీ, దాని ఎత్తు 420 మీటర్లు. పరిపాలన లెక్కలో ఇది ఇంగ్లండ్‌లోని కౌంటీలలో ఒకటి. అయినా ఈ నేలకు సొంత భాష ఉంది, సొంత జెండా ఉంది, ఒకప్పుడు సొంత గని చట్టాలూ, వాటిని చేసే సభా ఉండేవి. ఈ ప్రత్యేకత అంతా రెండింటి నుంచి పుట్టింది: ఒకటి నేల కింద దొరికిన లోహం, రెండోది చుట్టూ ఉన్న సముద్రం.

తొలి తగరం

దాదాపు 28 కోట్ల ఏళ్ల కిందట భూగర్భం నుంచి ఎగదన్నిన శిలాద్రవం చల్లబడి కార్న్‌వాల్ వెన్నెముక లాంటి గ్రానైట్ ఏర్పడింది. ఆ గ్రానైట్ అంచుల పగుళ్లలోకి వేడి ద్రవాలు పారి తగరం, రాగి, ఆర్సెనిక్ ఖనిజాలను సిరలుగా వదిలాయి. వానలకూ వాగులకూ కొండలు అరిగినప్పుడు బరువైన తగరపు రాళ్లు వాగుల అడుగున పేరుకున్నాయి. మొదటి మనుషులు గనులు తవ్వలేదు. వాగు ఇసుకను నీటితో కడిగి తేలికైన మట్టిని పారబోసి, అడుగున మిగిలిన నల్లని గులకలను ఏరుకున్నారు.

రాగిలో కొద్దిగా తగరం కలిపితే కంచు తయారవుతుంది. రాగి చాలా చోట్ల దొరికేది, తగరం మాత్రం అరుదు. అందుకే కంచుయుగంలో కార్న్‌వాల్ తగరానికి ఎక్కడలేని గిరాకీ ఏర్పడింది. జర్మనీలో దొరికిన నెబ్రా ఆకాశ ఫలకం కంచుయుగం నాటిది. అందులోని బంగారం కార్న్‌వాల్‌లోని కార్నన్ లోయ నుంచి వెళ్లిందని శాస్త్రవేత్తలు తేల్చారు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ ఈ మూలను బెలేరియన్ అన్నాడు. ఇక్కడివారు అతిథులను ఆదరిస్తారని, తగరాన్ని దిమ్మెలుగా పోసి, సముద్రం తీసినప్పుడు బండ్ల మీద ఇక్టిస్ అనే దీవికి చేరవేస్తారని, అక్కడ వర్తకులు కొని గాల్ దేశానికి తీసుకుపోతారని రాశాడు. ఆ ఇక్టిస్ నేటి సెయింట్ మైకేల్స్ మౌంట్ అని చాలామంది పండితుల అభిప్రాయం. ఇప్పటికీ ఆ దీవికి పోటు తీసినప్పుడు రాతి బాట మీద నడిచి వెళ్లవచ్చు, పోటు వచ్చినప్పుడు పడవ ఎక్కాలి.

తగరం పనివారి కుల దైవం లాంటివాడు సెయింట్ పిరాన్. ఐర్లండ్‌లో ఆయనకు తిరగలి రాయి కట్టి సముద్రంలో తోస్తే, ఆ రాయే తేలి ఆయనను కార్న్‌వాల్ తీరానికి చేర్చిందని కథ. ఆయన పొయ్యిలోని నల్లరాయి నుంచి తెల్లని తగరం కరిగి శిలువ ఆకారంలో పారిందని మరో కథ. నల్లని నేల మీద తెల్లని శిలువ ఉన్న కార్న్‌వాల్ జెండాకు ఈ కథనే మూలంగా చెబుతారు. మార్చి 5న సెయింట్ పిరాన్ దినం జరుపుకుంటారు.

గనివారి చట్టం

తగరం మీద వచ్చే పన్ను ఇంగ్లండ్ రాజులకు పెద్ద ఆదాయం. ఆ ఆదాయం ఆగకుండా ఉండాలంటే తగరం తీసేవారి పని ఆగకూడదు. అందుకే 1201లో జాన్ రాజు వారికి ప్రత్యేక హక్కుల పత్రం ఇచ్చాడు. 1305లో మొదటి ఎడ్వర్డ్ దానిని మరింత గట్టి చేశాడు. తగరం పనివారు మామూలు పన్నుల నుంచి మినహాయింపు పొందారు. బంజరు భూముల్లో హద్దులు నాటుకుని తగరం వెతుక్కునే హక్కు వారికి ఉండేది. భూమి తగాదాలు, హత్యలు, అంగచ్ఛేదాలు తప్ప మిగతా వ్యాజ్యాలన్నీ వారి సొంత కోర్టుల్లోనే నడిచేవి. ఈ కోర్టులనూ, వాటి పరిధిలోని గని ప్రాంతాలనూ స్టానరీలు అంటారు. గనివారి ప్రతినిధులతో స్టానరీ పార్లమెంటు కూడా ఉండేది. అది చివరిసారి 1750ల తొలి ఏళ్లలో సమావేశమైంది. కోర్టులు మాత్రం 1896 వరకూ నడిచాయి.

కరిగించి పోసిన తగరం దిమ్మెలను నిర్ణీత పట్టణాలకు తెచ్చి తూకం వేయించడం తప్పనిసరి. అధికారి ఒక్కో దిమ్మె మూల నుంచి చిన్న ముక్క కోసి నాణ్యత పరీక్షించేవాడు. పన్ను కట్టాకే దిమ్మె మీద ముద్ర పడేది, ముద్ర పడ్డాకే అమ్మకం. ట్రూరో, హెల్‌స్టన్, లాస్ట్‌విథీల్, లిస్కర్డ్ పట్టణాలు ఈ తూకాల వల్లే పెరిగాయి. తరువాత పెంజాన్స్ కూడా వాటిలో చేరింది. ఏడాదికి కొన్ని సార్లే తూకం జరిగేది కాబట్టి చిన్న పనివారు అప్పటిదాకా వర్తకుల దగ్గర అప్పు చేసి బతికేవారు. ఈ పద్ధతి 1838లో రద్దయింది.

1337లో మూడవ ఎడ్వర్డ్ తన కొడుకు కోసం డచీ ఆఫ్ కార్న్‌వాల్‌ను ఏర్పరిచాడు. ఇంగ్లండ్‌లో ఇదే మొట్టమొదటి డచీ. రాజు పెద్ద కొడుకు, వారసుడు అయినవాడికి ఆ ఎస్టేటు ఆదాయం దక్కుతుంది. ఆ ఏర్పాటు నేటికీ సాగుతోంది.

రెండు తిరుగుబాట్లు

ఏడవ హెన్రీ స్కాట్లండ్ మీద యుద్ధానికి డబ్బు కోసం 1497లో పన్ను వేశాడు. ఎక్కడో ఉత్తరాన జరిగే యుద్ధానికి తాము ఎందుకు చెల్లించాలని కార్న్‌వాల్ ప్రజలు అడిగారు. అంతకు ముందే రాజు స్టానరీ హక్కులను నిలిపివేయడంతో గనివారు రగిలిపోయి ఉన్నారు. సెయింట్ కెవర్న్ ఊరి కమ్మరి మైకేల్ జోసెఫ్, బాడ్మిన్ న్యాయవాది థామస్ ఫ్లామాంక్ నాయకత్వంలో వేలమంది బయలుదేరి లండన్ పొలిమేర దాకా నడిచారు. జూన్ 17న డెట్‌ఫర్డ్ వంతెన దగ్గర రాజసైన్యం వారిని ఓడించింది. పది రోజులకు నాయకులిద్దరికీ మరణశిక్ష అమలైంది. కార్నిష్ భాషలో కమ్మరిని ఆన్ గోఫ్ అంటారు. ఆ పేరుతోనే మైకేల్ జోసెఫ్ జనం జ్ఞాపకంలో మిగిలాడు. 1508లో రాజు పెద్ద మొత్తం పుచ్చుకుని గనివారిని క్షమించి స్టానరీ హక్కులను తిరిగి ఇచ్చాడు.

రెండో తిరుగుబాటు మతం గురించి, భాష గురించి. 1549లో ప్రభుత్వం లాటిన్ ప్రార్థనలను తొలగించి, అన్ని చర్చిలలో ఇంగ్లీషు ప్రార్థనా గ్రంథాన్నే వాడాలని శాసించింది. కార్న్‌వాల్ పడమటి ఊళ్లలో ఇంగ్లీషు రానివారు చాలామంది ఉండేవారు. తిరుగుబాటుదారులు తమ కోర్కెల పత్రంలో ఆ సంగతే స్పష్టంగా రాశారు. డెవన్ వారితో కలిసి వారు ఎక్సెటర్ నగరాన్ని ముట్టడించారు. ప్రభుత్వం విదేశీ కిరాయి సైనికులను కూడా దింపి అణచివేసింది. వేలమంది చనిపోయారు.

భాష క్షీణత, పునరుద్ధరణ

కార్నిష్ భాష కెల్టిక్ కుటుంబానికి చెందింది. ఫ్రాన్స్‌లోని బ్రెటన్, వేల్స్‌లోని వెల్ష్ దీనికి తోబుట్టువులు. ఊరి పేర్లలో ఈ భాష నేటికీ వినిపిస్తుంది. ట్రె అంటే పల్లె, పోల్ అంటే మడుగు, పెన్ అంటే కొస. ఈ మూడింటిలో ఒకదానితో మొదలయ్యే ఊళ్లూ, ఇంటిపేర్లూ కౌంటీ నిండా ఉన్నాయి.

మధ్యయుగంలో కార్నిష్‌లో గొప్ప నాటక సాహిత్యం పుట్టింది. బైబిల్ కథను సృష్టి నుంచి క్రీస్తు పునరుత్థానం దాకా చెప్పే ఆర్డినాలియా నాటకాలను ఆరుబయట, గుండ్రని మట్టికట్టల మధ్య రోజుల తరబడి ప్రదర్శించేవారు. అలాంటి నాటకరంగం ఒకటి సెయింట్ జస్ట్ ఊరి నడిబొడ్డున ఇప్పటికీ ఉంది. సెయింట్ మెరియాసెక్ జీవితం మీద రాసిన నాటకం ప్రతి 1504 నాటిది. పెన్రిన్‌లోని గ్లాస్నీ విద్యాపీఠం ఈ సాహిత్యానికి ఆయువుపట్టు. మఠాల రద్దు కాలంలో, 1548లో, దానిని మూసివేశారు. మరుసటి ఏడే ఇంగ్లీషు ప్రార్థన వచ్చింది. కార్నిష్‌లో ప్రార్థనా గ్రంథం గానీ బైబిల్ గానీ అచ్చు కాలేదు. వేల్స్‌లో బైబిల్ అనువాదం వెల్ష్ భాషకు అండగా నిలిచింది, కార్నిష్‌కు ఆ అండ దక్కలేదు. ఇంగ్లీషు తూర్పు నుంచి పడమరకు తరానికి కొన్ని ఊళ్ల చొప్పున పాకింది.

1700 ప్రాంతంలో వేల్స్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ ఇక్కడికి వచ్చి, మిగిలి ఉన్న మాటలను విని రాసుకుని 1707లో వ్యాకరణంతో సహా ప్రచురించాడు. 1777లో మౌజల్ అనే జాలరి ఊళ్లో చేపలమ్మి డాలీ పెంట్రీత్ చనిపోయింది. కార్నిష్‌ను మాతృభాషగా మాట్లాడిన చివరి మనిషిగా ఆమె పేరు ప్రసిద్ధి. ఆమె తరువాత కూడా కొంత భాష వచ్చినవారు ఉన్నారని ఆధారాలున్నాయి. భాషా శాస్త్రంలో ఆసక్తి ఉన్న లూయీ లూసియన్ బోనపార్ట్ 1860లో ఆమెకు స్మారక శిల వేయించాడు.

పునరుద్ధరణ 1904లో మొదలైంది. ఆ ఏడు హెన్రీ జెన్నర్ కార్నిష్ నేర్చుకునేవారి కోసం చేతిపుస్తకం ప్రచురించాడు. రాబర్ట్ మార్టన్ నాన్స్ పాత నాటకాల ఆధారంగా రాతను క్రమబద్ధం చేశాడు. 1928లో బాస్కావెన్ ఊన్ శిలావలయం దగ్గర కార్నిష్ కవి పండితుల సభ గొర్సెత్ తొలిసారి జరిగింది. ఎవరి స్పెల్లింగ్ సరైనదన్న వాదం దశాబ్దాలు సాగింది. 2008లో అందరూ అంగీకరించిన ప్రామాణిక రాత కుదిరింది. 2002లో బ్రిటిష్ ప్రభుత్వం కార్నిష్‌ను ఐరోపా ప్రాంతీయ భాషల ఒడంబడిక కింద గుర్తించింది. అంతరించిన భాషల జాబితా నుంచి 2010లో యునెస్కో దీనిని తొలగించి, తీవ్ర ప్రమాదంలో ఉన్న భాషగా నమోదు చేసింది. తల్లి ఒడిలో నేర్చుకునే భాషగా ఒకసారి ఆగిపోయి, పుస్తకాల నుంచి మళ్లీ ఇళ్లలోకి చేరిన భాషలు ప్రపంచంలో బహు కొద్ది.

రాగి, ఆవిరి

వాగుల్లోని తగరం తరిగాక తవ్వకం లోపలికి దిగింది. దిగేకొద్దీ నీరు ఊరింది. నీటిని తోడలేకపోతే గని లేదు. 18వ శతాబ్దంలో వచ్చిన ఆవిరి యంత్రమే ఆ చిక్కు విప్పింది. కానీ కార్న్‌వాల్‌లో బొగ్గు లేదు. దక్షిణ వేల్స్ నుంచి ఓడల్లో తెచ్చుకోవాలి, అది ఖరీదు. జేమ్స్ వాట్ యంత్రం పాత న్యూకొమెన్ యంత్రం కంటే చాలా తక్కువ బొగ్గుతో పనిచేయడం వల్ల 1777 నుంచి ఇక్కడి గనులు దానికి ఎగబడ్డాయి. ఆదా అయిన బొగ్గు ఖరీదులో మూడో వంతు వాట్, బోల్టన్‌ల కంపెనీకి చెల్లించాలి. ఆ రుసుము గనివారికి కంటగింపు అయింది. 1800లో వాట్ పేటెంటు గడువు తీరగానే స్థానిక ఇంజనీర్లకు దారి తెరుచుకుంది.

వారిలో మొదటివాడు 1771లో ఇల్లొగన్ దగ్గర, గని మేనేజరు ఇంట పుట్టిన రిచర్డ్ ట్రెవితిక్. ఎక్కువ పీడనం ఉన్న ఆవిరిని వాడితే యంత్రం చిన్నదవుతుందని, బలం పెరుగుతుందని ఆయన నమ్మాడు. ప్రమాదకరమని వాట్ వద్దన్న పని అది. 1801 క్రిస్మస్ ముందురోజు ట్రెవితిక్ తన ఆవిరి బండి మీద మనుషులను ఎక్కించి కాంబోర్న్ వీధిలో ఎత్తుకు నడిపించాడు. 1804లో వేల్స్‌లోని పెనిడరెన్‌లో ఆయన యంత్రం పట్టాల మీద ఇనుమునూ మనుషులనూ లాగింది. రైలు ఇంజను చరిత్ర అక్కడే మొదలైంది. తరువాత ఆయన పెరూ వెండి గనులకు వెళ్లి, ఏళ్ల తరబడి తిరిగి, చేతిలో డబ్బు లేకుండా వచ్చాడు. 1833లో పేదరికంలోనే చనిపోయాడు.

ఆయన వేసిన బాటలో కార్నిష్ పంపు యంత్రం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 1811 నుంచి ఏ గనిలో ఏ యంత్రం ఎంత బొగ్గుతో ఎంత నీరు తోడిందో నెలనెలా అచ్చువేసేవారు. ఆ లెక్కల పోటీలో ఇంజనీర్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుని యంత్రాలను మెరుగుపరిచారు. హేల్ పట్టణంలోని హార్వీ ఫౌండ్రీ పోతపోసిన యంత్రాలు దూరదేశాలకు వెళ్లాయి. నెదర్లాండ్స్‌లో హార్లెమ్ సరస్సును ఎండగట్టిన క్రూక్వియస్ యంత్రం సిలిండరు అడ్డుకొలత 144 అంగుళాలు. అదీ హేల్‌లో పోసిందే. పెంజాన్స్‌లో 1778లో పుట్టిన హంఫ్రీ డేవీ 1815లో బొగ్గు గనుల కోసం రక్షణ దీపం కనిపెట్టాడు. విలియం బిక్‌ఫర్డ్ 1831లో తకింగ్‌మిల్‌లో మందుగుండుకు భద్రమైన వత్తి తయారు చేశాడు. తొందరగా పేలే పాత వత్తుల వల్ల చేతులూ కళ్లూ పోగొట్టుకునే రాతిపనివారికి అది ప్రాణదానం.

19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ప్రపంచంలో దొరికే రాగిలో మూడింట రెండు వంతులు ఈ ప్రాంతానిదే. ఖనిజాన్ని కరిగించడానికి బొగ్గున్న స్వాన్సీకి ఓడల్లో పంపి, అవే ఓడల్లో తిరుగు ప్రయాణంలో బొగ్గు తెచ్చుకునేవారు. చాలా గనుల్లో పైన రాగి, లోతున తగరం ఉండేవి. డాల్కోత్ గని అలాగే రాగితో మొదలై తగరంతో ముగిసింది. పడమటి తీరంలో లెవాంట్, బొటాలక్ గనుల సొరంగాలు సముద్రం అడుగుకు సాగాయి. తుపాను రోజుల్లో తలపైన బండరాళ్లు దొర్లే చప్పుడు పనివారికి వినబడేది.

గనిలో బతుకు

ఇక్కడి కూలి పద్ధతి వేరుగా ఉండేది. ఖనిజం తీసే జట్లు గనిలోని ఒక్కో భాగానికి వేలం పాడేవి. తీసిన ఖనిజం విలువలో పౌనుకు ఇన్ని షిల్లింగులని వాటా కుదిరేది. సిర బాగుంటే లాభం, పలచబడితే కూలి కూడా గిట్టదు. ఖనిజం లేని రాయిలో షాఫ్టులూ సొరంగాలూ తవ్వే జట్లకు కొలతను బట్టి డబ్బు ఇచ్చేవారు. రాయిని చూసి లోపల ఏముందో అంచనా కట్టే నైపుణ్యం ఈ పద్ధతిలోనే పెరిగింది. గని పని చూసే పెద్దను కెప్టెన్ అనేవారు.

ఆడవాళ్లు లోపలికి దిగేవారు కాదు. పైకి వచ్చిన రాయిని సుత్తులతో పగలగొట్టి, ఏరి, కడిగే పని వారిది. బాల్ మెయిడెన్లుగా పేరుపడ్డ ఈ స్త్రీలూ బాలికలూ ఎండకూ గాలికీ తలలు కప్పే పెద్ద తెల్ల టోపీలతో, మందపు ఏప్రన్లతో కనిపించేవారు. మగవాళ్లు వందల మీటర్ల నిచ్చెనలు దిగి ఎక్కి అలసిపోయేవారు. ఊపిరితిత్తులు పాడై నడివయసులోనే చనిపోవడం సాధారణం. ఆ శ్రమ తగ్గించడానికి 1842లో ట్రెసవియన్ గనిలో మ్యాన్ ఇంజను అమర్చారు. కిందికీ పైకీ కదిలే పొడవాటి దూలానికి మెట్లుంటాయి, దాని మీద మనుషులు ఒక అంచె నుంచి మరో అంచెకు మారుతూ దిగుతారు. 1919 అక్టోబరు 20న లెవాంట్‌లో అలాంటి దూలం తెగిపడి 31 మంది చనిపోయారు. అంతకు ముందు 1846లో ఈస్ట్ వీల్ రోజ్ గనిలోకి ఉరుముల వాన నీరు దూసుకువచ్చి 39 మందిని పొట్టన పెట్టుకుంది.

చీకట్లో బతికే పనివారికి నాకర్ల మీద నమ్మకం ఉండేది. వీరు గనిలో నివసించే మరుగుజ్జు ఆత్మలు. రాతి వెనుక వారు తట్టే చప్పుడు మంచి సిరకు గుర్తో, పైకప్పు కూలబోతోందన్న హెచ్చరికో అని నమ్మేవారు. వారి కోసం భోజనంలో చివరి ముక్క వదిలేవారు.

ఆ భోజనం పేస్టీ. గొడ్డు మాంసం, బంగాళదుంప, ఉల్లి, టర్నిప్ జాతికి చెందిన స్వీడ్ దుంప ముక్కలను పచ్చిగానే పిండి రొట్టెలో పెట్టి, అర్ధచంద్రంగా మడిచి, అంచు మెలిపెట్టి కాలుస్తారు. కూరా రొట్టే ఒకటే కాబట్టి పళ్లెం అక్కర్లేదు. జేబులో పెట్టుకుని గనిలోకి తీసుకుపోవచ్చు. 2011లో ఐరోపా సమాఖ్య దీనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపు ప్రకారం కార్నిష్ పేస్టీ అన్న పేరుతో అమ్మేది కార్న్‌వాల్‌లోనే తయారు కావాలి, మెలిక పక్కన ఉండాలి గానీ పైన కాదు.

సముద్రం మీద బతుకు

గని లేని ఊళ్లకు చేపే ఆధారం. ఎండాకాలం చివర సార్డీన్ జాతికి చెందిన పిల్చర్డ్ చేపలు లక్షల్లో తీరానికి వచ్చేవి. కొండకొమ్మున కాపలా కూర్చున్న హ్యూయర్ నీటిలో ఎర్రని నీడ కనబడగానే హేవా అని కేక వేసేవాడు. ఊరంతా పరుగెత్తేది. అతడు చేతుల్లో కొమ్మలు ఊపి సైగలు చేస్తుంటే, పడవలవారు ఆ సైగలను బట్టి గుంపు చుట్టూ వల వేసేవారు. న్యూకీ కొండ మీద హ్యూయర్ గుడిసె ఇప్పటికీ నిలిచి ఉంది. స్త్రీలు చేపలను ఉప్పుతో పొరలు పొరలుగా పేర్చి, పీపాల్లో నొక్కి, కారిన నూనెను దీపాలకు అమ్మేవారు. ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో మాంసం తినని ఇటలీ కేథలిక్కులు ఆ ఉప్పు చేపలకు ముఖ్య కొనుగోలుదారులు. 20వ శతాబ్దం వచ్చేసరికి చేపల గుంపులు రావడం తగ్గి ఈ వృత్తి సన్నగిల్లింది.

సముద్రం వార్తలను కూడా మోసింది. 17వ శతాబ్దం చివరి నుంచి 1850 వరకు ఫాల్మత్ రేవు నుంచి ప్రభుత్వ తపాలా ఓడలు దూరదేశాలకు వెళ్లేవి. 1805 నవంబరు 4న ట్రఫాల్గర్ విజయం, నెల్సన్ మరణం అనే రెండు కబుర్లూ పికిల్ అనే చిన్న ఓడ ద్వారా మొదట ఫాల్మత్‌కే చేరాయి. 1870లో పోర్త్‌కర్నో అనే చిన్న ఇసుక తీరంలో సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగ ఒడ్డెక్కింది. దాని మరో కొస బొంబాయి. ఓడలో వారాలు పట్టే సమాచారం నిమిషాల్లో భారతదేశానికి చేరడం అప్పటి నుంచే. 1901 డిసెంబరు 12న మార్కోనీ బృందం పోల్డూ నుంచి పంపిన రేడియో సంకేతం అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్లండ్‌లో వినిపించింది.

వెస్లీ రాక, పండుగలు

1743లో మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ తొలిసారి కార్న్‌వాల్ వచ్చాడు. మొదట్లో కొన్ని ఊళ్లలో రాళ్లు పడ్డాయి. కానీ అధికారిక చర్చి దూరంగా ఉంచిన గని కార్మికులు, జాలరులు ఆయన మాట విన్నారు. గనుల తవ్వకం వల్ల నేల కుంగి ఏర్పడిందని చెప్పే గ్వెనప్ గుంటలో 1762 నుంచి 1789 వరకు ఆయన 18 సార్లు బోధించాడు. తరువాత దానికి చుట్టూ మెట్లు కట్టారు. మెథడిస్టు శాఖ కార్న్‌వాల్‌లో ప్రధాన క్రైస్తవ శాఖ అయింది. ప్రతి గని ఊరిలో ప్రార్థన మందిరం, ఆదివారం బడి, బృందగానం, బ్రాస్ బ్యాండ్ వెలిశాయి. కూలివాడు కూడా నిలబడి బోధించే అవకాశం వల్ల చదువు, సభలో మాట్లాడే తీరు అలవడ్డాయి. ఆదివారం పని చేయరాదన్న నిష్ఠ ఎంత గట్టిదంటే, 1896లో ఇంగ్లండ్ తూర్పు తీరపు పడవలు ఆదివారం చేపలు పట్టి తెచ్చాయని న్యూలిన్ జాలరులు తిరగబడ్డారు. సైన్యం దిగాల్సి వచ్చింది.

మత నిష్ఠ పాత వేడుకలను పూర్తిగా చెరపలేదు. మే 1న ప్యాడ్‌స్టో వీధుల్లో ఆబీ ఆస్ అనే గుర్రం వేషం తిరుగుతుంది. నల్ల గుడ్డ కప్పిన పెద్ద వలయం కింద మనిషి దూరి, భయంకరమైన ముసుగు పెట్టుకుని డప్పుల లయకు ఎగురుతాడు. పాత గుర్రం, నీలి రిబ్బను గుర్రం అని రెండు జట్లు ఉంటాయి. మే 8న హెల్‌స్టన్‌లో ఫ్లోరా నాట్యం. జంటలు వరుసకట్టి ఇళ్లలోకీ దుకాణాల్లోకీ ఒక తలుపున దూరి మరో తలుపున బయటికి వస్తూ ఊరంతా చుట్టేస్తారు. సెయింట్ కొలంబ్‌లో వెండి పొర తొడిగిన బంతితో జనం రెండు జట్లుగా చీలి ఆడే హర్లింగ్ ఆట, నాటు బట్ట కోటును పట్టి పడవేసే కార్నిష్ కుస్తీ నేటికీ ఉన్నాయి. డిసెంబరు 23న మౌజల్‌లో టామ్ బాకాక్ రాత్రి చేస్తారు. కరవు వేళ తుపానులో సముద్రం మీదికి వెళ్లి ఊరికి చేపలు తెచ్చాడని చెప్పే జాలరి పేర, చేపల తలలు పైకి చూసే స్టార్‌గేజీ పై వండి పంచుతారు.

వలస: మెక్సికో నుంచి కోలార్ దాకా

1866లో రాగి ధర కుప్పకూలింది. చిలీ, అమెరికా గనులు చవకగా రాగి తీస్తుండగా లండన్‌లో బ్యాంకు దివాలా దెబ్బ కూడా తగిలింది. 1870ల్లో ఆస్ట్రేలియా, మలయా తగరం మార్కెట్‌ను ముంచెత్తింది. గనులు వరసగా మూతపడ్డాయి. 19వ శతాబ్దంలో విదేశాలకు వెళ్లినవారు సుమారు రెండున్నర లక్షలని అంచనా. గని పనికి మనిషి కావాలంటే ఊళ్లో మా బంధువు జాక్ ఉన్నాడని వీళ్లు చెప్పేవారట. అందుకే ప్రపంచమంతా వీరికి కజిన్ జాక్ అన్న పేరు స్థిరపడింది. భర్తలు పంపే డబ్బు కోసం ఎదురుచూసే భార్యలు, తండ్రి ముఖం ఎరగని పిల్లలు ప్రతి ఊరిలోనూ ఉండేవారు.

వలస తొలి గమ్యాల్లో మెక్సికో ఒకటి. 1820ల్లో రియల్ దెల్ మోంతే వెండి గనులకు వెళ్లినవారి పేస్టీ అక్కడ పాస్తే అయి, మిరపకాయలతో నేటికీ వీధుల్లో అమ్ముడవుతోంది. పచూకాలో ఫుట్‌బాల్ ఆట నాటింది కూడా వీరే. దక్షిణ ఆస్ట్రేలియాలోని మూంటా, కాలిఫోర్నియాలోని గ్రాస్ వ్యాలీ, దక్షిణాఫ్రికా బంగారు గనులు తరువాతి మజిలీలు.

ఆ బాటే దక్షిణ భారతానికీ వచ్చింది. గ్వెనప్ రాగి గనులను నడిపి, మెక్సికో కంపెనీకి పునాది వేసిన జాన్ టేలర్ వంశస్థుల సంస్థ 1880లో కోలార్ బంగారు గనుల్లో అడుగుపెట్టింది. పాతకాలపు తవ్వకాల కిందికి లోతుగా దిగగా అసలు సిర బయటపడి గనుల దశ తిరిగింది. కెప్టెన్లు, ఫోర్‌మన్లు, షాఫ్టు నిపుణులు చాలామంది కార్న్‌వాల్ నుంచి వచ్చారు. రాయి తవ్విన చేతులు మాత్రం తమిళులవి, తెలుగువారివి, కన్నడిగులవి. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న కోలార్ జిల్లాలో తెలుగు మాట్లాడేవారు మొదటి నుంచీ ఎక్కువే. 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు ఇక్కడికి చేరింది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటిగా నిలిచింది. ఆ లోతుల్లో రాయి పగిలి చిమ్మే ప్రమాదాలకు బలైనవారిలో అత్యధికులు ఆ స్థానిక కూలీలే. 2001 ఫిబ్రవరిలో కోలార్ గనులు మూతపడ్డాయి.

గనుల తరువాత

లోహం పోయినా మట్టి మిగిలింది. ప్లిమత్ ఔషధ వ్యాపారి విలియం కుక్‌వర్తీ 18వ శతాబ్దం మధ్యలో ట్రెగానింగ్ కొండ మీద చైనా మట్టిని గుర్తించి, 1768లో పింగాణీ తయారీకి పేటెంటు పొందాడు. గ్రానైట్ కుళ్లి ఏర్పడ్డ ఆ తెల్లమట్టి సెయింట్ ఆస్టెల్ చుట్టుపక్కల విస్తారంగా ఉంది. పింగాణీకీ, కాగితానికీ అది ముఖ్యం. తవ్విపోసిన తెల్లని గుట్టలకు కార్నిష్ ఆల్ప్స్ అని పేరు. పనికిరాక వదిలేసిన ఒక మట్టి గుంతలోనే 2001లో ఈడెన్ ప్రాజెక్టు అనే మహా వృక్షశాల తెరిచారు.

1859లో బ్రునెల్ కట్టిన సాల్టాష్ వంతెన తేమర్ మీదుగా రైలును తెచ్చింది. వసంతపు పూలు, తొలి బంగాళదుంపలు, తాజా చేపలు ఒక్కరాత్రిలో లండన్ చేరాయి. తిరుగు బండ్లలో విహారయాత్రికులు వచ్చారు. సముద్రపు వెలుగు కోసం చిత్రకారులు న్యూలిన్, సెయింట్ ఐవ్స్ ఊళ్లలో స్థిరపడ్డారు. 1920లో బెర్నార్డ్ లీచ్, జపాన్ కుమ్మరి షోజీ హమాదా సెయింట్ ఐవ్స్‌లో కుండలు కాల్చే బట్టీ కట్టారు. శిల్పి బార్బరా హెప్‌వర్త్ 1939లో వచ్చి చివరిదాకా ఇక్కడే పనిచేసింది. పర్యాటకం నేడు పెద్ద ఆదాయం. అదే సమయంలో విహార గృహాల వల్ల ఇళ్ల ధరలు పెరిగి స్థానిక యువత సొంత ఊళ్లో ఇల్లు కొనలేకపోవడం పెద్ద సమస్య.

1985 అక్టోబరులో అంతర్జాతీయ తగరం మండలి దివాలా తీయడంతో మిగిలిన గనులకూ గడ్డుకాలం వచ్చింది. 1990లో గీవర్, 1998లో సౌత్ క్రాఫ్టీ మూతపడ్డాయి. కనీసం మూడున్నర వేల ఏళ్ల తగరం తవ్వకం అక్కడితో ఆగింది. 2006లో కార్న్‌వాల్, పడమటి డెవన్ గని ప్రాంతాలను యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. కొండ అంచుల్లో నిలిచిన యంత్రశాలల గోడలు, పొగగొట్టాలు దాని కిందే రక్షణ పొందాయి. 2014 ఏప్రిల్‌లో బ్రిటిష్ ప్రభుత్వం కార్నిష్ ప్రజలను జాతీయ మైనారిటీగా గుర్తించి స్కాట్, వెల్ష్, ఐరిష్ ప్రజలకున్న రక్షణనే వారికీ ఇచ్చింది. తమ పార్లమెంటునూ, భాషనూ, గనులనూ ఒకదాని తరువాత ఒకటి కోల్పోయిన ప్రజలకు, తాము వేరు ప్రజలమని వారు వదలకుండా చెప్పుకున్న మాటకు చట్టం ఇచ్చిన ఒప్పుకోలు అది.